మా వాగులో చేపపిల్లలు వదలాలనుకుంటున్నాం: ఏవి వదలాలి, ఎప్పుడు వదలాలి?

దుందుభి ఒడ్డు
మే 11

నమస్కారం. మాది మిడ్జిల్, కల్వకుర్తి మధ్యలో దుందుభి వాగు ఒడ్డున ఉన్న ఊరు. నాకు 43 ఏళ్లు. కల్వకుర్తిలో ట్రాక్టర్ స్పేర్ పార్టుల దుకాణం ఉంది. అడగాల్సింది రెండు ముక్కల్లో అయిపోతుంది కానీ, వెనక ఉన్న సంగతి తెలియకుండా మీరు సలహా ఇవ్వలేరు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

మా చిన్నప్పుడు ఊరికి పడమర వాగు మలుపులో ఒక మడుగు ఉండేది. పక్కనే పెద్ద బండ ఉంటుంది కాబట్టి బండమడుగు అనేవాళ్లం. ఎండాకాలం వాగంతా ఇసుకే అయినా ఆ మడుగులో ఛాతీ లోతు నీళ్లు నిలిచేవి. మా చిన్నాయన నాకు గాలం వేయడం నేర్పింది అక్కడే. కిరాణా కొట్టులో రూపాయికి రెండు బారల తంగూసు దారం ఇచ్చేవాడు, గాలపు ముల్లు అర్ధరూపాయి. జొన్న బెండు ముక్క కోసి దారానికి గుచ్చేవాళ్లం. సీసం లేకపోతే చిన్న ఇనుప నట్టు కట్టేవాళ్లం. కొబ్బరి చిప్పలో తడి మట్టి, అందులో ఎర్రలు, ఎండ తగలకుండా పైన మోదుగాకు. పొద్దున పోతే పది గంటలకల్లా తీగకు గుచ్చిన పరకలు, జెల్లలు తెచ్చేవాళ్లం. ఒక్కోసారి పాపెర పడేది. దాన్ని పట్టుకోవడం అందరికీ వచ్చేది కాదు, చేతికి బూడిద రాసుకుంటే తప్ప జారిపోయేది. చిన్నాయన ఒకటే మాట చెప్పేవాడు: "బెండు వణికితే గుంజకు, మునిగితే గుంజు." నాకు ఓపిక అనేది ఏదైనా ఉందంటే అది ఆ బండ మీద కూర్చున్నప్పుడు వచ్చిందే.

తర్వాత ఇసుక పోయింది. ఎలా పోయిందో ఈ వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నా దుకాణానికి వచ్చే ట్రాక్టర్లలో ఇసుక తోలేవి కూడా ఉన్నాయి, ఆ మాట దాచను. ఒక పదేళ్లు వాగులో నీళ్లు వారం రోజులు నిలిస్తే గొప్ప. ఇప్పుడు పరిస్థితి మారింది. కల్వకుర్తి లిఫ్టు నీళ్లు చెరువుల్లోకి వస్తున్నాయి, ఊరి కింద చెక్‌డ్యాం కట్టారు, బండమడుగులో మళ్లీ నీళ్లున్నాయి. ఇంత ఎండలో కూడా నడుము లోతు ఉన్నాయి. కానీ చేపల్లేవు.

మా అబ్బాయికి 12 ఏళ్లు. సంక్రాంతి తర్వాత వరసగా మూడు ఆదివారాలు వాడినీ, మా అక్క కొడుకునీ, పక్కింటి పిల్లలిద్దరినీ తీసుకెళ్లాను. మూడు ఆదివారాలకు కలిపి పడింది ఒక్క జిలేబి చేప. నాలుగో ఆదివారం నేను పిలిస్తే మా అబ్బాయి ఒక్కడే లేచాడు. మిగతా వాళ్లు ఫోన్లలో ఉన్నారు. వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాలేదు. మూడు గంటలు కూర్చున్నా బెండు కదలకపోతే ఏ పిల్లవాడు మళ్లీ వస్తాడు? దారిలో మా అబ్బాయి అడిగాడు, "నాయినా, నువ్వు పట్టినవి నిజంగా ఇక్కడివేనా?" అని. ఆ రోజు నుంచి ఈ ఆలోచన నన్ను వదలడం లేదు.

ఊరి చెరువులో కూడా ఇదే వరస. మత్స్యకారుల సొసైటీ వాళ్లకు ప్రభుత్వం నుంచి ఉచిత చేపపిల్లలు వస్తాయి, కానీ నిరుడు కార్తీకం వచ్చాక గానీ రాలేదు. వచ్చినవి కూడా అంతకు ముందు వచ్చిన వాటిలో సగం లేవని సొసైటీ వాళ్లే అన్నారు. వాగుకైతే ఎవరూ ఎప్పుడూ వదల్లేదు.

అందుకని మా ఈడు వాళ్లం 11 మందిమి తలా 1,500 వేసి 16,500 రూపాయలు జమ చేశాం. చేపపిల్లలు అమ్మే ఒకాయన బొచ్చె, రవ్వ తెస్తానన్నాడు. వాటితో పాటు "తొందరగా పెరిగే రకం, ఏ నీళ్లలోనైనా బతుకుతుంది, పిల్లల గాలానికి బాగా పడుతుంది" అని ఒక క్యాట్‌ఫిష్ కూడా చెప్పాడు. మా తమ్ముడి వరసైన ఒకాయన అమెరికా వీడియో పంపాడు. లారీకి పైపు పెట్టి ఏట్లోకి ట్రౌట్ చేపలను వదులుతున్నారు, ఒడ్డున పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. అది చూసి మా వాళ్లందరికీ ఆశ పుట్టింది.

ఇక ప్రశ్నలు. ఏ చేప వదలాలి? మిర్గం (మృగశిర కార్తె) ముందా, తర్వాతా? ఎవరినైనా అడగాలా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. డబ్బులు నా దగ్గరే ఉన్నాయి, మాట కూడా నాదే. పొరపాటు చేయదలచుకోలేదు.


మూసీ వల
మే 11

తమ్మీ, నాకు 61. మాది కేతేపల్లి దిక్కు. వల పట్టి నలభై ఏళ్లు దాటింది, సొసైటీలో ముప్పై ఏళ్ల సభ్యుణ్ని. ముందుగా ఒక్క మాట: ఆ 16,500 ఇంకా ఎవరికీ ఇవ్వకు.

నువ్వు వాగులో బొచ్చె పిల్లలు వదిలితే మొదటి వరదకే అవి కిందికి కొట్టుకుపోతాయి. దుందుభి పోయి కలిసేది డిండి ప్రాజెక్టులో. నీ డబ్బుతో డిండి వాళ్లు చేపలు పడతారు. వాళ్లు బాగుండాలి, కానీ నీ కొడుకు గాలానికి మాత్రం అందవు.

ఇక చెరువు సంగతి. ఉచిత చేపపిల్లల పథకం 2016-17లో మొదలైంది. మొదటి రెండు మూడేళ్లు మా ఇళ్లల్లో వెలుగు వచ్చింది, అది కాదనను. కానీ చేపపిల్ల అంటే విత్తనం, దానికి అదును ఉంటుంది. జులై, ఆగస్టులో కొత్త నీళ్లు రాగానే వేస్తే ఎండాకాలానికి బొచ్చె కిలో దాకా వస్తుంది. కార్తీకంలో వేస్తే మూడు నెలలు పోయినట్టే, పైగా చలిలో చేప మేత సరిగ్గా తినదు. మళ్లీ ఏప్రిల్‌కు మా చెరువులో నీళ్లు అడుగంటుతాయి. అప్పుడు పావు కిలో చేపను పట్టి అమ్ముకోవాలి.

సైజు కూడా చూడాలి. ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్ల ఇస్తారు, ఎప్పుడూ నీళ్లుండే రిజర్వాయర్లకు 80 నుంచి 100 మిల్లీమీటర్లది. అంత చిన్న పిల్లను వాలుగ, కొర్రమట్ట ఉన్న నీళ్లలో వేస్తే అది వాటికి మేతే.

లెక్క దగ్గర జాగ్రత్త. లక్ష పిల్లలను ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు. జల్లెడ గిన్నెతో ఒక గిన్నె తీసి, అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఎన్ని గిన్నెలు పోశారో దాంతో గుణిస్తారు. ఆ లెక్కపెట్టే గిన్నెను మనం తీయాలి, తెచ్చినవాడు తీయకూడదు. వాడు తీస్తే నిండా తీస్తాడు, పోసేటప్పుడు సగం పోస్తాడు. ఒకసారి మేం రాత్రి పదింటికి కట్ట మీద టార్చిలైటు వెలుతురులో సంతకం పెట్టాం. ఆ ఏడాది వల వేస్తే తెలిసింది ఏం సంతకం పెట్టామో. అప్పటి నుంచి పగలు తప్ప బండి దింపనివ్వం.

పిల్లలను మేం కట్ట మీది నుంచి వెళ్లగొడతామని అందరూ మమ్మల్ని అంటారు. నిజమే, వెళ్లగొడతాం. కారణం కూడా విను. గాలంతో పోయేది మాకు లెక్కలోది కాదు. రాత్రిపూట కరెంటు వైరు పెట్టేవాళ్లు, బ్లీచింగ్ పౌడర్ కలిపేవాళ్లు ఉన్నారు. ఒక్క రాత్రి అలా చేస్తే తెల్లారేసరికి గోరంత పిల్ల నుంచి రెండు కిలోల చేప దాకా తెల్లగా తేలి ఉంటాయి. మా చెరువులో ఒకసారి జరిగింది. అప్పుడు ఎవరు మంచోడో ఎవరు కాదో చూడకుండా అందరినీ ఆపాం. పిలగాళ్లు కూడా ఆ కోపంలో కొట్టుకుపోయారు. నాకు ఆ సంగతి ఇప్పటికీ బాధే. నాకు గాలం నేర్పిన మా తాత కూడా ఊరి పిల్లలందరికీ నేర్పేవాడు.

మీ సొసైటీ అధ్యక్షుడి దగ్గరికి పో. ఆదివారం పొద్దున రెండు గంటలు తూము పక్కన పిల్లలకు గాలం వేసుకోనివ్వమని అడుగు. వల వద్దు, గాలం ఒక్కటే అని నువ్వు జమానత్ ఉండు. ఎవరూ కాదనరు.


దుందుభి ఒడ్డు
మే 11

పెద్దనాయినా, డిండికి పోతాయన్న మాట నాకు తట్టనే లేదు. ఇన్నేళ్లు వాగు పక్కనే బతికి కూడా. మా సొసైటీ వాళ్లను అడుగుతాను.


పెబ్బేరు బ్యాచ్
మే 12

అన్నా, నేను పెబ్బేరు ఫిషరీస్ కాలేజీలో చదివాను. మా అమ్మమ్మ ఊరు జడ్చర్ల దగ్గర, కాబట్టి దుందుభి నాకూ తెలుసు. పెద్దాయన చెప్పినవన్నీ నిజమే. మిగిలినవి నేను చెప్తాను.

ముందు ఆ క్యాట్‌ఫిష్ గురించి. అతను చెప్పిన గుణాలు చూస్తే అది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అయి ఉంటుందని నా అనుమానం. దాన్ని మన దేశంలో 2000లోనే నిషేధించారు. అది అన్నిటినీ తింటుంది, ఏ నీళ్లలోనైనా బతుకుతుంది, తడి నేల మీద పాకి పక్క కుంటలోకి కూడా పోతుంది. మన నాటు మార్పు చేప దానికి దగ్గరి చుట్టమే కానీ చాలా చిన్నది, దాని ముందు నిలవలేదు. ఒక్కసారి వాగులో పడితే మళ్లీ తీయడం ఎవరి వల్లా కాదు. దయచేసి అతన్ని ఊర్లోకే రానివ్వకండి.

బొచ్చె, రవ్వ, మెరిగ మంచి చేపలే, కానీ అవి పెద్ద నదుల చేపలు. చెరువులో, మడుగులో నిలవ నీళ్లలో బతుకుతాయి, పెరుగుతాయి, గుడ్లు మాత్రం పెట్టవు. వాటికి వరద నది కావాలి. అందుకే పూర్వం నదుల్లో గుడ్లు, పిల్లలు ఏరి తెచ్చి చెరువుల్లో పోసేవాళ్లు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి గారు చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి తీసిన మందును సూదితో ఇచ్చి రవ్వ, మెరిగ లాంటి కార్ప్ చేపలతో గుడ్లు పెట్టించారు. ఈ రోజు మన చెరువుల్లో పడుతున్న ప్రతి బొచ్చె పిల్ల వెనక ఆ సూది ఉంది. జులై 10ని జాతీయ చేపల రైతు దినోత్సవంగా జరుపుకునేది కూడా అందుకే. అంటే మీరు బొచ్చెలు వదిలితే ప్రతి ఏడాదీ డబ్బులు పోగు చేసి మళ్లీ వదులుతూనే ఉండాలి. ఆగితే అవీ ఆగిపోతాయి. ప్రభుత్వ పథకం ఒక్క ఏడాది ఆలస్యమైతే చెరువు ఖాళీ అయ్యేదీ ఇందుకే.

మీ చిన్నాయన మీకు పట్టి చూపించిన చేపలు ఎవరూ వదిలినవి కావు. పరక, జెల్ల, పాపెర, మట్టగిడస, ఇసుకదొందు. ఇవి వాగులోనే పుట్టి వాగులోనే పెరిగేవి. వీటికి చేపపిల్లల లారీ అక్కర్లేదు, మూడు పనులు జరిగితే చాలు.

ఒకటి, ఎదురెక్కడం. మొదటి వరదకు ఇవి కింది నుంచి పైకి ఎక్కి, ఒడ్డున కొత్తగా మునిగిన గడ్డిలో గుడ్లు పెడతాయి. మన ఊర్లలో అందరూ వలలు, ఊతలు, దోమతెరలు పట్టుకుని దిగేది సరిగ్గా ఆ రోజే. కడుపు నిండా గుడ్లున్న చేపను పట్టడమంటే వచ్చే ఏడాది చేపలను ఈ ఏడాదే వండుకోవడం. చెక్‌డ్యాం వచ్చాక ఇది ఇంకా ఎక్కువైంది. ఎక్కలేని చేపలన్నీ గోడ కింద గుంపుగా ఆగిపోతాయి, తువ్వాలతో కూడా పట్టేయవచ్చు. మొదటి వరద వచ్చాక ఒక పదిహేను రోజులు అక్కడ ఎవరూ వల వేయకుండా చూడండి. మీ 11 మంది వంతులు వేసుకుని నిలబడండి. మీ డబ్బు కంటే ఇది పది రెట్లు పని చేస్తుంది.

రెండు, దాక్కునే చోటు. ఇసుక పోయిన మడుగు అంటే ఉత్త గిన్నె. చేపకు నీడ ఉండదు, కొంగకు పండగ. సర్కారు తుమ్మ కొమ్మలు నరికి, రాళ్లు కట్టి, మడుగులో ఒక పక్కన ముంచండి. కంప వేస్తే చిన్న చేపలు అందులో దాక్కుంటాయి, కంపకు నాచు పట్టి మేత కూడా దొరుకుతుంది. పైగా దొంగతనంగా వల వేసినవాడి వల చినుగుతుంది. సర్కారు తుమ్మకు మన దగ్గర కరువా? పిల్లలు దిగే వైపు మాత్రం వేయకండి, ముళ్లు.

మూడు, కొర్రమట్ట. మన రాష్ట్ర చేప అదే. ఎర్రటి చిన్న పిల్లల గుంపు నీటి మీద మరుగుతున్నట్టు కనబడితే దాని కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. అక్కడ గాలం వేస్తే కోపంతో వచ్చి కరుస్తాయి, సులువుగా పడతాయి. అవి పడితే ఆ గుంపంతా ఒక పూటలో మిగతా చేపల నోట్లోకి పోతుంది. ఆ గుంపు దగ్గర గాలం వేయకూడదని మీ అబ్బాయికి మొదటి రోజే చెప్పండి. పిల్లలు చెప్తే వింటారు, పెద్దవాళ్లకు చెప్పడమే కష్టం.

ఏం వదలాలన్నా, వదలకూడదన్నా జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో ఒక కాగితం ఇచ్చి, ఆ మడుగు ఎవరి హక్కులోకి వస్తుందో అడిగి తెలుసుకోండి. పంచాయతీకి కూడా ఒక మాట చెప్పండి. కంప వేసేటప్పుడు ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు.


దేవరకొండ దూరం
మే 12

ఇంచుమించు అలాంటి వీడియోలు మా ఇంటి దగ్గర తీసినవే అయి ఉండొచ్చు. మాది దేవరకొండ. పదకొండేళ్లుగా అమెరికాలో పెన్సిల్వేనియాలో ఉంటున్నాను. మా వీధి చివర ఒక ఏరు ఉంది, డిండి కాలువంత వెడల్పు. ఇక్కడ ఏటా మార్చిలో హ్యాచరీ (చేపలను పుట్టించి పెంచే కేంద్రం) లారీలు వచ్చి ట్రౌట్ వదులుతాయి. రాష్ట్రం మొత్తం మీద ఏడాదికి సుమారు 30 లక్షల చేపలు. చిన్న పిల్లలు కావు, అప్పటికే జానెడు దాటినవి. ఏప్రిల్ మొదటి శనివారం సీజన్ మొదలవుతుంది. దానికి వారం ముందు శనివారం పిల్లల కోసమే. పెద్దవాళ్లు పక్కన ఉండి నేర్పాలి. మా అమ్మాయి మొదటి చేప ఆ రోజే పట్టింది, ఆ ఫోటో దేవరకొండలో మా అమ్మ దేవుడి పటాల పక్కన పెట్టుకుంది.

అన్నా, ఆ వీడియోలో కనబడనిది చెప్తాను. ట్రౌట్‌కు చల్లటి నీళ్లు కావాలి, 20 డిగ్రీలు దాటితే దానికి కష్టకాలం మొదలవుతుంది. మన దేశంలో కూడా అది ఏళ్లల్లో బతికేది కశ్మీర్, హిమాచల్, నీలగిరుల్లాంటి చల్లటి చోట్లే. దుందుభిలో ఒక్క మధ్యాహ్నం కూడా బతకదు. ఇక్కడ కూడా మా ఏట్లో వదిలిన వాటిలో జూన్ దాటాక మిగిలేవి తక్కువ. వదలడం, పట్టడం, అంతే. లారీ వచ్చిన వారం ఒడ్డున చోటు దొరకదు, నెల తిరిగేసరికి ఎవరూ ఉండరు. ఒడ్డు భూమి సొంతదారులు గేట్లు వేసుకుంటే లారీ ఆ చోటికి రావడం మానేస్తుంది. మా ఏటికి ఎగువన రెండు మైళ్లు అలాగే పోయింది. అక్కడ చేపలు పట్టే పిల్లలు కూడా పోయారు. నేను చూస్తుండగానే జరిగింది ఇది.

ఇంకో సంగతి మీకు పనికొస్తుంది. మోంటానా అనే రాష్ట్రంలో నదుల్లో హ్యాచరీ ట్రౌట్ వదలడం వల్ల ఏం జరుగుతోందో అని మాడిసన్ నదిలో పరీక్షించి చూశారు. వదలడం ఆపిన చోట నదిలో సహజంగా పుట్టిన ట్రౌట్ పెరిగాయి. 1974 నుంచి అక్కడ సొంతంగా చేపలు పుట్టే నదుల్లో వదలడమే మానేశారు. ఈ రోజుకీ ఆ నదుల కోసం లోకమంతా అక్కడికి వస్తుంది. పెబ్బేరు చెల్లి చెప్పిన మాటకు ఇది సాక్ష్యం అనిపించింది, అందుకే రాశాను.

మీరు ఇక్కడి నుంచి తీసుకోవాల్సింది చేప కాదు, ఆ శనివారం. పిల్లల కోసం ఒక పొద్దు పెట్టండి. కొత్త గాలాలకు, దారానికి నా వంతు 5,000 పంపుతాను. కాదనకండి.


ఉదయసముద్రం కుర్రాడు
మే 13

నాకు 19. నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను. పానగల్లు దగ్గర ఉదయసముద్రం కట్ట మీద మేం ఐదారుగురం రాడ్లతో వేస్తాం. మా గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

పిల్లలు ఫోన్లలో ఉన్నారని అందరూ అంటారు. నేను గాలం నేర్చుకుంది ఫోన్‌లోనే అన్నా. మా నాన్నకు రాదు, మా తాత నేను పుట్టకముందే పోయాడు. నేర్పేవాళ్లు లేక ఫోన్ చూసి ముడి వేయడం నేర్చుకున్నాను. మొదటి ఆరు నెలలు ఒక్కటి కూడా పడలేదు. తర్వాత ఒక చేపలు పట్టే పెద్దాయన, పేరు కూడా తెలియదు, నా పక్కన కూర్చుని "గాలి ఎటు కొడుతుందో చూడు, మేత ఆ ఒడ్డుకు చేరుతుంది" అన్నాడు. ఆ రోజే రవ్వ పడింది. కిలోన్నర. ఆయన ఆ ఒక్క మాట చెప్పకపోయి ఉంటే నేను మానేసేవాడిని.

మమ్మల్ని చాలాసార్లు తరిమారు. ఒకసారి రాడ్ విరగ్గొట్టారు, 1,800 పెట్టి కొన్నది. మూసీ వల తాతా, మీరు రాసింది చదివాక మొదటిసారి వాళ్ల వైపు నుంచి ఆలోచించాను. మా వాళ్లం వెళ్లి మాట్లాడతాం. మేం కట్ట మీద రాత్రి తొమ్మిది దాకా ఉంటాం కాబట్టి కరెంటు పెట్టేవాళ్లు కనబడితే ఫోన్ చేయగలం. అది వాళ్లకూ మంచిదే కదా.


అచ్చంపేట అమ్మ
మే 13

అందరూ చేపల గురించి రాశారు. ఒక తల్లిగా నా భయం చెప్తాను. మా ఊరి పక్క వాగులో ఇసుక తీసిన గుంటలో మా బంధువుల పిల్లవాడు మునిగి చనిపోయాడు. పైన చూస్తే మోకాలి లోతు, రెండడుగులు వేస్తే తల మునిగే లోతు. వాడికి 11 ఏళ్లు. గాలం వేయడానికే పోయాడు.

నేను వద్దనడం లేదు అన్నా. మా నాన్న కూడా గాలం వేసేవాడు. కానీ పిల్లలను తీసుకెళ్లే ముందు మీరు పొడుగాటి వాసం పట్టుకుని ఆ మడుగంతా దిగి కొలవండి. ఎక్కడ లోతుందో కట్టెలు పాతి గుర్తు పెట్టండి. వర్షాలు పడ్డాక మళ్లీ కొలవండి, గుంటలు జరుగుతాయి. ఒక ట్రాక్టర్ ట్యూబ్ గాలి నింపి, తాడు కట్టి ఒడ్డున పెట్టండి. మీ దుకాణంలోనే ఉంటుంది కదా.


దుందుభి ఒడ్డు
మే 14

అమ్మా, మీ మాట చదివాక నిన్న సాయంత్రమే వాసం పట్టుకుని వెళ్లాను. బండకు కుడి పక్కన, నేను మా అబ్బాయిని కూర్చోబెట్టిన చోటికి నాలుగడుగుల దూరంలో వాసం మొత్తం మునిగింది. నాకు తెలిసిన మడుగు కాదు అది. చిన్నప్పటి లెక్కతో పిల్లలను తీసుకెళ్లాను. రాత్రి నిద్ర పట్టలేదు. రెండు ట్యూబులు ఒడ్డుకు చేర్చాను.


దుందుభి ఒడ్డు
జులై 6

ఆ తర్వాత ఏం జరిగిందో మీకు చెప్పాలి. ఆలస్యమైనందుకు క్షమించండి, సీజన్‌లో దుకాణం వదిలి రావడం కుదరలేదు.

చేపపిల్లల ఆయనకు వద్దని చెప్పాం. క్యాట్‌ఫిష్ సంగతి అడిగితే ముందు అది కాదన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తలేదు.

సొసైటీ అధ్యక్షుడు మా నాయినకు స్నేహితుడే. ముందు ఒప్పుకోలేదు. "ఈ రోజు గాలం అంటారు, రేపు వల అంటారు" అన్నాడు. మూసీ వల పెద్దనాయిన రాసింది మొత్తం చదివి వినిపించాను. బ్లీచింగ్ మాట దగ్గర ఆపమన్నాడు. వాళ్ల చెరువులో కూడా జరిగిందట, నాకు తెలియదు. ఆదివారం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా తూము పక్కన, పిల్లకొక్క గాలం, పక్కన పెద్దవాళ్లు ఉండాలి, ఇంటికి రెండు చేపలు మించకూడదు. ఇదీ ఒప్పందం. అందుకు బదులుగా ఈసారి చేపపిల్లల బండి వచ్చినప్పుడు గిన్నె లెక్క దగ్గర మా వాళ్లిద్దరం నిలబడతామని మాటిచ్చాం.

మిర్గం నాడు కల్వకుర్తిలో చేపల మార్కెట్ కిటకిటలాడుతుంటే మేం 11 మందిమి మడుగులో సర్కారు తుమ్మ కంప వేస్తున్నాం. రెండు ట్రాక్టర్ల కంప. చేతులన్నీ చీరుకుపోయాయి. జమ చేసిన డబ్బులో డీజిల్‌కు, కూలీకి 4,200 ఖర్చయింది. దేవరకొండ తమ్ముడి డబ్బుతో 23 గాలాలు, దారం, బెండ్లు కొన్నాం. బెండ్లు ప్లాస్టిక్‌వి దొరికాయి, నాకు జొన్న బెండే ఇష్టం కానీ ఇప్పుడు ఊర్లో జొన్న వేసేవాళ్లే తక్కువ. మిగిలిన డబ్బు పోస్టాఫీసులో వేశాం.

జూన్ 24 రాత్రి ఎగువన గట్టి వాన పడింది. తెల్లవారుజామున వాగు వచ్చింది. వంతుల ప్రకారం చెక్‌డ్యాం దగ్గరికి వెళ్లాం. అప్పటికే ముగ్గురు దోమతెర పట్టుకుని ఉన్నారు. మా ఊరి వాళ్లే, ఒకాయన నాకు మామ వరస. గొడవ అవుతుందనుకున్నాను. మా అబ్బాయి ముందుకు పోయి "తాతా, వీటి కడుపులో గుడ్లున్నాయి, పదిహేను రోజులు ఆగితే మనమే పట్టుకుందాం" అన్నాడు. మామ కొంచెంసేపు నీళ్ల వైపు చూశాడు. తర్వాత దోమతెర మడత పెట్టాడు. మిగతా ఇద్దరూ సణుక్కుంటూ పోయారు, వాళ్లు రాత్రి మళ్లీ వచ్చి ఉంటారేమో కూడా చెప్పలేను. పదిహేను రోజుల కాపలా ఇంకా పూర్తి కాలేదు, ఇప్పటిదాకా రెండు రాత్రులు మా వల్ల కాలేదు, ఎవరూ లేరు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను.

గోడ కింద నురగలో చిన్న చేపలు ఎగిరి గోడకు తగిలి పడటం ముప్పై ఏళ్ల తర్వాత చూశాను. ఇన్నాళ్లూ ఇవి ఎక్కడ ఉన్నాయో! కింద డిండి దాకా ఏ గుంటలో దాక్కున్నాయో. కొన్ని ఎంతకీ ఎక్కలేకపోతుంటే పిల్లలు బకెట్లతో తీసి గోడకు పైన వదిలారు. అది తప్పో ఒప్పో తెలియదు, వాళ్లను ఆపలేకపోయాను.

పెబ్బేరు చెల్లీ, ఆ బకెట్‌లో తీసిన ఫోటో పెడుతున్నాను. వేలంత పొడుగు, వెండి రంగు. ఇది ఏ చేప? మా అబ్బాయి పరక అంటున్నాడు, మా అక్క కొడుకు కాదంటున్నాడు.


పెబ్బేరు బ్యాచ్
జులై 6

మీ అబ్బాయే కరెక్ట్ అన్నా. తోక మొదట్లో నల్ల మచ్చ చూడండి, పరకే. కడుపు చూస్తే గుడ్లతో ఉంది. బకెట్‌తో ఎక్కించడంలో తప్పేం లేదు, చేతులు తడిపి పట్టుకోమనండి, పొలుసు ఊడకుండా. దీన్ని పైన వదిలేశారా?


దుందుభి ఒడ్డు
జులై 6

వదిలేశాం. 40 దాకా ఉన్నాయి.